వింటూ నడిచినవాడు



ఇవాళ మీకు ఒక కథకుడి గురించి చెప్పాలని వచ్చాను. ఆయన పేరు మక్సీమ్ గోర్కీ. ‘అమ్మ’ నవల రాసిన గోర్కీ. రాజమండ్రికి చెందిన స్వాతంత్ర్య సమరయోధుడు క్రొవ్విడి లింగరాజు గారు ఆ నవలను తెలుగు చేశారు. మన పల్లెటూరి గ్రంథాలయాల్లో, యువజన సంఘాల గదుల్లో, చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేదాకా చదివిన పుస్తకం అది. మీలో చాలామంది చదివే ఉంటారు. చదవనివాళ్లు కూడా ఆ పేరు వినే ఉంటారు.

అయితే ఈ రోజు ఆ నవల గురించి చెప్పను. ఆ నవల రాయడానికి చాలా ముందు సంగతి చెబుతాను. గోర్కీ అనే పేరు ఇంకా పుట్టని రోజుల సంగతి. అప్పటికి ఆయన అల్యోషా. అల్యోషా పేష్కొవ్. పదకొండేళ్లకే పొట్ట చేతపట్టుకుని పనికి పోయిన కుర్రాడు. ఆ కుర్రాడు స్కూలు మెట్లు ఎక్కిందే తక్కువ. కాలేజీ గడప తొక్కనే లేదు. కానీ కథ చెప్పడం నేర్చుకున్నాడు. ఎలా నేర్చుకున్నాడు? ఒక్క మాటలో చెప్పాలంటే, విని నేర్చుకున్నాడు. పని చేస్తూ విన్నాడు. నడుస్తూ విన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆయన జీవితమంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

1868లో, రష్యాలో, వోల్గా నది ఒడ్డున ఉన్న నీజ్నీ నొవ్‌గొరొద్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి వడ్రంగం తెలిసిన మనిషి. పిల్లవాడికి మూడేళ్లప్పుడు కలరా సోకింది. తండ్రి పగలూ రాత్రీ దగ్గరుండి సేవ చేశాడు. పిల్లవాడు బతికాడు. ఆ జబ్బే తగులుకుని తండ్రి పోయాడు. తల్లి పిల్లవాణ్ని తీసుకుని పుట్టింటికి చేరింది. తాతయ్యది అద్దకం పని. కోపిష్టి మనిషి. తప్పు చేస్తే బెత్తాలు తీసి వీపు చీరేసేవాడు. ఆ తాతయ్యే దగ్గర కూచోబెట్టుకుని ప్రార్థనల పుస్తకంలో అక్షరాలు కూడా నేర్పించాడు. కొట్టిన చెయ్యీ అదే, అక్షరం దిద్దించిన చెయ్యీ అదే.

ఇక అమ్మమ్మ. ఆమె పేరు అకులీనా. ఆమె కథల పుట్ట. తండ్రి పోయాక, అప్పటికి వాళ్లు ఉంటున్న అస్త్రాఖాన్ నుంచి స్టీమరులో ఊరికి వస్తున్నారు. డెక్కు మీద కూచుని అమ్మమ్మ మనవడికి కథ చెబుతోంది. ఇంట్లో పొయ్యి కింద ఉండే ఒక చిన్న దయ్యం కథ. దాని పాదంలో సేమియా పుల్ల గుచ్చుకుంది. అది పాదం పట్టుకుని అటూ ఇటూ ఊగుతూ, నొప్పి నొప్పి అని ఎలుకపిల్లలతో మొర పెట్టుకుంటోంది. అమ్మమ్మ కూడా తన పాదం చేతుల్లోకి తీసుకుని, మొహం ముడిచి, తనకే నొప్పి పుట్టినట్టు ఊగిపోయింది. చుట్టూ గడ్డాలు పెంచిన ఓడ పనివాళ్లు మూగారు. నవ్వారు. మెచ్చుకున్నారు. ఇంకొకటి చెప్పమని అడిగారు.

శ్రోతలారా, అదీ ఆయన మొదటి బడి. ఆ బడిలో పలక లేదు, బలపం లేదు. చెప్పేవాళ్లున్నారు, వినేవాళ్లున్నారు. కథ చెప్పే మనిషి ఒళ్లంతా కథ అయిపోవాలని ఆ కుర్రాడు అక్కడే చూశాడు.

అసలు బడికి కూడా కొన్నాళ్లు వెళ్లాడు. అప్పటికి ఇల్లు చితికిపోయింది. వీధుల్లో చింపిగుడ్డలు, ఎముకలు, పాత ఇనుము ఏరి అమ్మేవాడు. వచ్చిన డబ్బు అమ్మమ్మ చేతిలో పెట్టేవాడు. బడిలో తోటి పిల్లలు వీడి దగ్గర కంపు వస్తోందని, పక్కన కూచోలేమని పంతులికి ఫిర్యాదు చేశారు. బడికి వచ్చే ముందు ఒళ్లు రుద్దుకుని కడుక్కుని, వేరే బట్టలు కట్టుకుని వచ్చేవాడు. అయినా ఆ మాట పడాల్సి వచ్చింది. చదువు మాత్రం బాగా వచ్చేది. బహుమతిగా పుస్తకాలు ఇచ్చారు. ఇంటికి వచ్చేసరికి అమ్మమ్మ జబ్బుతో పడి ఉంది. ఇంట్లో పైసా లేదు. ఆ బహుమతి పుస్తకాలు పట్టుకెళ్లి దుకాణంలో అమ్మాడు. 55 కోపెక్కులు వచ్చాయి. అవి అమ్మమ్మకు ఇచ్చాడు. ఆయన బడి చదువు అంతటితో సరి.

1879లో తల్లి క్షయతో పోయింది. కొద్దిరోజులకే తాతయ్య పిలిచి, నిన్ను మెడలో వేసుకుని తిరగలేను, పోయి నలుగురిలో పడి బతుకు అన్నాడు. ఆ మాట పట్టుకుని కుర్రాడు గడప దాటాడు. వయసు పదకొండేళ్లు.

మొదట చెప్పుల దుకాణంలో పనికి కుదిరాడు. ఒకరోజు పొయ్యి మీద క్యాబేజీ చారు వేడి చేస్తుంటే అది చేతుల మీద పడింది. కాలిన చేతులతో ఆసుపత్రి పాలయ్యాడు. తర్వాత ఇళ్ల నక్షాలు గీసే ఒక దూరపు చుట్టం ఇంట్లో చేరాడు. గీత పని నేర్పుతామని చేర్చుకున్నారు. నేర్పింది అంట్లు తోమడం, నేల కడగడం, కట్టెలు కొట్టడం, టీ నీళ్లు కాచే సమోవర్ వెలిగించడం. ఆ సమయంలోనే ఆ కుర్రాడికి పుస్తకాల పిచ్చి పట్టుకుంది. ఆ ఇంట్లో పుస్తకం అంటే గిట్టదు. చదివితే కళ్లు పోతాయంటారు, చెడిపోతావంటారు. రాత్రి కొవ్వొత్తి ఎంత కాలిందో తెలియడానికి ఆ ఇంటి ముసలమ్మ ఒక పుల్లతో దాన్ని కొలిచి పెట్టుకునేది.

మరి కుర్రాడు ఏం చేశాడు? ఒక రాత్రి కిటికీ దగ్గర వెన్నెల్లో చదవబోయాడు. అక్షరాలు ఆనలేదు. అటక మీది రాగి గిన్నె తీసి, దాని మీద వెన్నెల పడేలా పట్టుకుని, ఆ వెలుగు పుస్తకం మీదికి మళ్లించబోయాడు. ఇంకా చీకటైంది. చివరికి బల్ల ఎక్కి, మూలనున్న దేవుడి పటం ముందు దీపం దగ్గర నిలబడి చదివాడు. చదువుతూ చదువుతూ అక్కడే నిద్రపోయాడు. యజమానురాలి కేకలకు, దెబ్బలకు మెలకువ వచ్చింది.

అయినా మానలేదు. కొవ్వొత్తి స్టాండులో కారి గడ్డకట్టిన కొవ్వు గీకి దాచుకున్నాడు. సార్డీన్ చేపల ఖాళీ డబ్బాలో దాన్ని వేశాడు. కాస్త దీపం నూనె పోశాడు. దారాలు పేనుకుని వత్తి చేశాడు. ఆ డబ్బా దీపం ముందు రాత్రిళ్లు చదువుకున్నాడు. పేజీ తిప్పినప్పుడల్లా మంట వణికేది. పొగకు కళ్లు మండేవి. ఒక్కసారి ఆ కుర్రాణ్ని మనసులో ఊహించుకోండి. తెల్లారితే మళ్లీ అంట్లున్నాయి, కట్టెలున్నాయి. రాత్రి మాత్రం తనది.

ఒకసారి ముసలమ్మ పైన్ కట్టె పేళ్ల కట్టతో వీపు పగిలేలా కొట్టింది. వీపు వాచిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు ఒక్కొక్కటిగా 42 పేళ్లు బయటికి తీశాడు. ఆయనకు ఒళ్లు మండింది. ఫిర్యాదు రాస్తానన్నాడు. కుర్రాడు వద్దన్నాడు. ఇంటికి వచ్చాక, కేసు కాకుండా కాపాడాడని యజమానులు సంతోషించారు. అదే అదను అనుకుని ఆ కుర్రాడు వాళ్లను ఒక్క కోరిక కోరాడు. డబ్బు అడగలేదు, కొత్త చొక్కా అడగలేదు. పుస్తకాలు తెచ్చుకుని చదువుకోనివ్వమన్నాడు.

ఇక వోల్గా స్టీమరు సంగతి. దాని పేరు ‘దోబ్రీ’. కుర్రాడు అందులో అంట్లు తోమేవాడిగా చేరాడు. వంటవాడి పేరు స్మూరీ. ఒకప్పుడు సైన్యంలో పనిచేసిన భారీ మనిషి. పైకి చూస్తే గండరగండడు. మాట కటువు. ఆయన దగ్గర ఇనుప పట్టీలు కొట్టిన ఒక పెట్టె ఉంది. దాని నిండా పుస్తకాలు. అన్ని రకాలవీ ఉన్నాయి, మంచివీ, పనికిరానివీ. ఆయన కుర్రాణ్ని పిలిచి చదవమనేవాడు. అంట్ల పని ఇంకొకరికి అప్పజెప్పి మరీ చదివించుకునేవాడు. ఒకసారి గోగొల్ రాసిన ‘తరాస్ బుల్బా’ చదివించుకున్నాడు. చివరికి వచ్చేసరికి అంత లావు మనిషీ ఏడ్చేశాడు. కుర్రాడు చూస్తూ ఉండిపోయాడు. కాగితం మీది అక్షరాలు ఇంత పని చేస్తాయా అని ఆశ్చర్యపోయాడు. స్టీమరు దిగి వెళ్లిపోయే రోజున స్మూరీ చెప్పింది ఒక్కటే. పుస్తకాలు చదువు, అంతకంటే మంచిది లేదని. తనకు చదువు మీద ప్రేమ కలిగించిన గురువుల్లో ఈ వంటవాణ్ని గోర్కీ జీవితాంతం తలుచుకున్నాడు.

తర్వాత దేవుడి పటాలు గీసే కార్ఖానాలో చేరాడు. అక్కడ ఒకరు మొహం గీస్తారు, ఒకరు బట్టలు గీస్తారు. పని విసుగు పుట్టిస్తుంది. శీతకాలం రాత్రులు తొందరగా తెల్లారవు. కుర్రాడు వాళ్లకు పుస్తకాలు చదివి వినిపించేవాడు. ఒక రాత్రి లేర్మొంతొవ్ కావ్యం ‘రాక్షసుడు’ చదివాడు. ఒకరి తర్వాత ఒకరు కుంచెలు పక్కన పెట్టి వాడి చుట్టూ చేరారు. చదవడం అయ్యాక పెద్ద పనివాడు ఆ పుస్తకాన్ని తీసుకుని తన బల్లలో పెట్టి తాళం వేశాడు. అంత విలువైనదిగా తోచింది వాళ్లకు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మీరు గమనించారా? ఆ కుర్రాడు ఎక్కడ పనికి వెళ్లినా రెండు పనులు చేశాడు. వాళ్ల మాటలు తను విన్నాడు. పుస్తకంలో మాటలు వాళ్లకు వినిపించాడు. ఏ వాక్యం దగ్గర మనిషి కన్ను చెమ్మగిల్లుతుందో, ఏ చోట ఆవలింత వస్తుందో, ఎదురుగా చూస్తూ తెలుసుకున్నాడు. కథకుడికి ఇంతకంటే మంచి శిక్షణ ఏముంటుంది?

1884లో, పదహారేళ్ల వయసులో కజాన్ నగరానికి వచ్చాడు. అక్కడ పెద్ద విశ్వవిద్యాలయం ఉంది. చేరాలని ఆశ. కానీ తిండికే దిక్కులేదు, ఇక చదువెక్కడ? వోల్గా రేవుకు పోయి హమాలీల్లో కలిశాడు. బస్తాలు మోసి పొట్ట పోసుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత తన ఆ రోజుల గురించి పుస్తకం రాసి దానికి ‘నా విశ్వవిద్యాలయాలు’ అని పేరు పెట్టాడు. రేవు, రొట్టెల బట్టీ, చవక గదులు, వాటిలో బతికే మనుషులు, ఇవే ఆయన విశ్వవిద్యాలయాలు.

ఆ పుస్తకంలో ఒక రాత్రి గురించి రాశాడు. సెప్టెంబరు నెల. వాన, ఎదురుగాలి. పర్షియా సరుకు తెస్తున్న ఒక పెద్ద పడవ రాయికి కొట్టుకుని అడుగు పగిలింది. సరుకు తడవకుండా ఇంకో పడవలోకి మార్చాలి. హమాలీలను తీసుకెళ్లారు. వెళ్లేటప్పుడు అందరూ గొణుక్కుంటున్నారు. చలికి ముడుచుకుని ఉన్నారు. పని మొదలైంది. కాసేపటికి ఆ మనుషులే మారిపోయారు. బస్తాలు చేతి నుంచి చేతికి ఎగిరిపోతున్నాయి. కేకలు, నవ్వులు, పరుగులు. చీకట్లో, వానలో, మర్నాడు మధ్యాహ్నం రెండింటిదాకా ఆగకుండా పనిచేశారు. తాగుబోతులు, దొంగలు అని లోకం ఈసడించే మనుషులు వాళ్లు. పనిలో ఉన్న ఆనందం ఏమిటో ఆ రాత్రి వాళ్ల మధ్య తనకు తెలిసిందని గోర్కీ రాశాడు.

తర్వాత రొట్టెల బట్టీ. నేలమాళిగలో ఉంటుంది. రోజుకు 14 గంటల పని. పిండి పిసకాలి, బట్టీ చూడాలి. నెలకు మూడు రూబుళ్ల జీతం. ఈ బతుకులోంచే తర్వాత 1899లో ‘ఇరవై ఆరుగురు మగవాళ్లు, ఒక అమ్మాయి’ కథ పుట్టింది. ఆ కథలో బట్టీ కిటికీకి యజమాని ఇనుప జాలీ కొట్టిస్తాడు. పనివాళ్లు బిచ్చగాళ్లకు రొట్టె ముక్క ఇస్తారేమోనని. ఆ జాలీ నిండా పిండి దుమ్ము. వెలుగు రాదు. ఆ చీకటి గదికి రోజూ పొద్దున్నే ఒక అమ్మాయి వచ్చి రొట్టెలు అడిగి తీసుకెళ్తుంది. ఆ ఇరవై ఆరుగురికీ సూర్యోదయం ఆ పిల్లే. చదివితే మన ముక్కుకు ఆ పుల్లటి పిండి వాసన తగులుతుంది. అక్కడ పనిచేసినవాడు తప్ప ఇంకెవరూ అలా రాయలేరు.

రొట్టెల పనిలో ఉండగానే, 1887లో, అమ్మమ్మ పోయిందని ఉత్తరం వచ్చింది. కథలు చెప్పిన అమ్మమ్మ. ఆ దుఃఖం చెప్పుకుందామంటే ఒక్క మనిషి లేడు. ఆ రోజుల్లో తన దగ్గర ఒక గుర్రమో కుక్కో కూడా లేకపోయిందని, కనీసం బట్టీలో తిరిగే ఎలుకలతోనైనా చెప్పుకోవాలని తోచలేదని తర్వాత రాసుకున్నాడు. అందరి గోడూ విన్న కుర్రాడు అతను. అతని గోడు వినడానికి మాత్రం ఎవరూ లేకపోయారు. ఆ ఏడాది డిసెంబరులో బతుకు మీద విరక్తితో తుపాకితో కాల్చుకున్నాడు. గుండు గుండెకు తగలలేదు. డాక్టర్లు బతికించారు. ఆ తర్వాత దాదాపు 49 ఏళ్లు బతికాడు. మనం చదివే గోర్కీ పుస్తకాలన్నీ ఆ తర్వాతవే. శ్రోతలారా, మీ చుట్టుపక్కల ఎవరైనా అంతటి ఒంటరితనంలో ఉంటే, దయచేసి పక్కన కూచుని వినండి. ఒక మనిషి వింటే ఇంకో మనిషి నిలబడతాడు.

కోలుకున్నాక రైల్వేలో రాత్రి కాపలాదారుగా పనిచేశాడు. నీజ్నీ నొవ్‌గొరొద్‌కు తిరిగి వచ్చి, తను రాసిన ఒక కావ్యాన్ని కొరొలేంకో అనే పెద్ద రచయితకు చూపించాడు. ఆయన తప్పులు విడమరిచి చెప్పాడు. కుర్రాడు ఆ కావ్యాన్ని నాశనం చేసేశాడు. 1891 వసంతంలో ఊరు వదిలి బయల్దేరాడు. కాలినడకన. వోల్గా దిగువకు, దోన్ నది ప్రాంతానికి, ఉక్రెయిన్‌కు, నల్లసముద్రం ఒడ్డుకు, అక్కడి నుంచి కాకసస్ కొండలకు. దారిలో దొరికిన పని చేశాడు. ఉప్పు మడుల్లో పనిచేశాడు. ఆ మడుల్లో ఉప్పు నీటికి కాళ్లు పుండ్లు పడే బతుకుల్ని చూశాడు, వాటి మీదా కథ రాశాడు.

ఆ నడకలో జరిగిన ఒక ఘటన చెబుతాను. 1891 జూలై 15. ఉక్రెయిన్‌లో కందీబొవ్‌కా అనే పల్లె. ఒకడు తన భార్య మీద నింద మోపి, ఆమె ఒంటి మీద బట్టలు లేకుండా చేసి, బండికి కట్టి, కొరడాతో కొడుతూ ఊరంతా తిప్పుతున్నాడు. ఊరు ఊరంతా వెంట నడుస్తోంది. కొందరు కేకలు వేస్తున్నారు. ఆపేవాళ్లు లేరు. దారిన పోతున్న ఈ పరదేశి, ఇరవై మూడేళ్ల కుర్రాడు, అడ్డం వెళ్లాడు. ఊరంతా కలిసి అతన్ని చావగొట్టి, స్పృహ తప్పాక తుప్పల్లో పడేశారు. సంత నుంచి వస్తున్న ఒక వీధి వాద్యగాడు చూసి, తన బండిలో వేసుకుని నికొలాయెవ్ ఆసుపత్రిలో చేర్చాడు.

నాలుగేళ్ల తర్వాత ఆ ఘటన మీద గోర్కీ ఒక చిన్న రచన చేశాడు. ఆ ఆడమనిషి ఉంది, ఆ బండి ఉంది, ఆ కొరడా ఉంది, ఆ ఊరు ఉంది, తేదీతో సహా ఉంది. ఒక్కటే లేదు. తను అడ్డుపడ్డ సంగతి లేదు. తను తిన్న దెబ్బల సంగతి లేదు. నా దృష్టిలో గోర్కీ పెద్దతనం అంతా అక్కడ ఉంది. పాఠకుడి కన్ను ఆమె మీదే ఉండాలి, తన మీదికి మళ్లకూడదు. మళ్లీ చెబుతాను. ఆయన దెబ్బలు తిన్నాడు, కానీ కథలో తనను తాను తీసేశాడు.

ఆ ఆసుపత్రిలో పక్క మంచం మీద ఒడెస్సా రేవులో తిరిగే ఒక దేశదిమ్మరి ఉన్నాడు. వాడు తన అనుభవం ఒకటి చెప్పాడు. ఒళ్లంతా గాయాలతో ఉన్న గోర్కీ పడుకుని విన్నాడు. అదే తర్వాత ‘చెల్కాష్’ అనే గొప్ప కథ అయింది. 1895లో అచ్చయి ఆయనకు పేరు తెచ్చింది. చూశారా, ఒళ్లు కదలని స్థితిలో కూడా చెవి పనిచేస్తూనే ఉంది.

మరుసటి ఏడు, 1892. రష్యాలో కరవు. తిండి లేక జనం పిల్లాపాపలతో దక్షిణాదికి వలస పోతున్నారు. నల్లసముద్రం ఒడ్డున రోడ్డు పనులు జరుగుతున్నాయి. గోర్కీ కూడా ఆ కరవు జనంతో కలిసి రోడ్డు పని చేశాడు. ఆ రోజుల్లో సుఖూమి దగ్గర, కోడోర్ నది ఒడ్డున, తుప్పల్లో ఒక వలస కూలి స్త్రీకి నొప్పులు వచ్చాయి. దగ్గర ఇంకో ఆడమనిషి లేదు. ఆమె సిగ్గుతో పొమ్మని తిట్టింది. అతను పోలేదు. పురుడు పోశాడు. బిడ్డను సముద్రం నీళ్లలో కడిగాడు. కాస్త తేరుకోగానే ఆ తల్లి లేచి నడక సాగించింది. ఈ సంగతిని ఇరవై ఏళ్ల తర్వాత, 1912లో, ‘మనిషి పుట్టాడు’ అనే కథగా రాశాడు. ఆకలి, వలస, నొప్పి, వీటన్నిటి మధ్యా లోకంలోకి ఒక కొత్త మనిషి రావడం ఎంత గొప్ప సంగతో ఆ కథ చెబుతుంది. వీలుంటే ఆ ఒక్క కథ అయినా చదవండి.

నడిచి నడిచి చేరిన ఊరు తిఫ్లిస్. ఇప్పటి త్బిలిసి. అక్కడ రైల్వే వర్క్‌షాపులో పనికి కుదిరాడు. అలెక్సాందర్ కల్యూజ్నీ అనే పాత విప్లవకారుడు పరిచయమయ్యాడు. గోర్కీ దారిలో చూసిందీ విన్నదీ చెబుతుంటే ఆయన ముగ్ధుడై విన్నాడు. ఇంత బాగా చెబుతున్నావు, చెప్పినట్టే రాయి అన్నాడు. గోర్కీ రాశాడు. ‘మకార్ చూద్రా’ కథ. 1892 సెప్టెంబరులో ‘కవ్‌కాజ్’ అనే స్థానిక పత్రికలో అచ్చయింది. మక్సీమ్ గోర్కీ అన్న పేరు లోకం చూసింది అప్పుడే. వినేవాడు దొరికాడు కాబట్టి చెప్పేవాడు రచయిత అయ్యాడు. కల్యూజ్నీని ఆయన ఎప్పటికీ మరిచిపోలేదు.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది. 1898లో కథల సంపుటాలు రెండు వచ్చాయి. రష్యా అంతటా పేరు మోగింది. 1902లో మాస్కో ఆర్ట్ థియేటరు ఆయన నాటకం ‘అధోలోకం’ ప్రదర్శించింది. చవక సత్రంలో తలదాచుకునే మనుషులే అందులో పాత్రలు. అదే ఏడు ఆయన్ని రష్యన్ అకాడమీ గౌరవ సభ్యుడిగా ఎన్నుకుంది. బడి ముఖం సరిగా చూడని మనిషికి అకాడమీ గౌరవం. జారు చక్రవర్తికి అది నచ్చలేదు. ఎన్నిక రద్దయింది. అప్పుడు రచయితలు చేహొవ్, కొరొలేంకో ఇద్దరూ తమ గౌరవ సభ్యత్వాలు వదులుకున్నారు. ఒకప్పుడు కావ్యంలో తప్పులు చూపించిన ఆ కొరొలేంకోనే.

గోర్కీ తర్వాతి జీవితంలో జైలుంది, ప్రవాసం ఉంది, విప్లవం ఉంది. ఆఖరి ఏళ్లలో స్టాలిన్ ప్రభుత్వానికి దగ్గరయ్యాడు. నిర్బంధ శిబిరాల గురించి, ఖైదీలతో తవ్వించిన శ్వేతసముద్రం కాలువ గురించి ఆయన మెచ్చుకోలుగా రాసినవి చదివితే బాధ కలుగుతుంది. జీవితమంతా అణగారిన మనిషి మాట విన్నవాడు, అక్కడ వినాల్సిన మాట వినలేదు. ఈ సంగతి దాచిపెట్టి ఆయన్ని తలుచుకోవడం న్యాయం కాదు. 1936లో కన్నుమూశాడు.

ఆయన చేసిన ఇంకో పని మాత్రం చెప్పి తీరాలి. పేరు వచ్చాక ఆయనకు రష్యా నలుమూలల నుంచీ రాతప్రతులు వచ్చేవి. రాసినవాళ్లు కూలీలు, రైతులు, చాకిరీ చేసేవాళ్లు. తమంతట తాము చదువు నేర్చుకున్నవాళ్లు. 1906 నుంచి 1910 వరకు అలాంటివి 400కు పైగా రాతప్రతులు చదివానని ఆయన 1911లో రాసిన ఒక వ్యాసంలో చెప్పాడు. వాళ్లకు జవాబులు రాశాడు. ఒక వంటవాడు తన చేత చదివించాడు. ఒక విప్లవకారుడు తన చేత రాయించాడు. ఆ రుణం ఆయన ఇలా తీర్చుకున్నాడు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి పనుల కోసం ఊళ్లు తిరిగినవాళ్లు మన మధ్య ఎందరు లేరు? ఇటుక బట్టీల్లో పనిచేసినవాళ్లున్నారు. గల్ఫుకు పోయి వచ్చినవాళ్లున్నారు. లారీలు నడిపినవాళ్లు, హోటళ్లలో అంట్లు కడిగినవాళ్లు, రేవుల్లో బస్తాలు మోసినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎందరో చక్కగా కథ చెప్పగలరు. మనం అడగం, అంతే. వాళ్లేమో, చదువురాని మాకేం తెలుసు, మా బతుకులో చెప్పడానికేముంది అని ఊరుకుంటారు.

నా మాటల్లో మీకు గుర్తుండాల్సింది ఒక్కటే. గోర్కీని కథకుడిగా చేసింది డిగ్రీ కాదు. అమ్మమ్మ చెబితే విన్నాడు. హమాలీలు చెబితే విన్నాడు. పక్క మంచం మీది దేశదిమ్మరి చెబితే విన్నాడు. తర్వాత తను చెబుతుంటే కల్యూజ్నీ విన్నాడు. ఎక్కడో ఒకచోట ఒక మనిషి చెవి ఒగ్గకపోతే ఈ కథలేవీ మనదాకా వచ్చేవి కావు.

అందుకని మీకు నా మనవి ఇది. మీ ఇంట్లో, మీ వీధిలో, అలా ఊళ్లు తిరిగి చెమటోడ్చిన పెద్దవాళ్లు ఎవరున్నా ఈ ఆదివారం వాళ్ల దగ్గర కూచోండి. మొట్టమొదట ఏ పనికి వెళ్లావు, ఎలా వెళ్లావు, దారిలో ఎవరు అన్నం పెట్టారు అని అడగండి. తొందర పెట్టకండి. మధ్యలో అడ్డం రాకండి. విన్నది విన్నట్టు ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. మీ పిల్లల చేత రాయించండి, ఇంకా మంచిది. మీరే అలా బతికిన మనిషి అయితే, మీకు అక్షరాలు వస్తే, మీరే రాయండి. రాకపోతే చెప్పండి, పక్కవాళ్లు రాస్తారు. మీ బతుకు చెప్పుకోదగినదే.